కరెంటు రాగానే షట్టర్ దానంతట అదే పైకి లేచింది, హోమ్ అసిస్టెంట్‌కి కలిపాకే ఈ గొడవ

అలిపిరి దారి (తిరుపతి)

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ వైపు. ఇంటి కింద కారు పెట్టుకునే చోట పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు రోలింగ్ షట్టర్ ఉంది, రెండేళ్ల కిందట దానికి సైడ్ మోటార్ పెట్టించాం. నేను శ్రీసిటీలో పని చేస్తాను, తెల్లారకముందే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ రాత్రికే ఇల్లు. ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు. తిరుపతిలో ఇల్లుంటే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు, నెలకు రెండుసార్లయినా ఎవరో ఒకరు దర్శనానికి వస్తారు, వాళ్ళు రైలు దిగేది ఒంటిగంటకో రెండింటికో, టోకెన్ల లైనుకని శ్రీనివాసం దగ్గరికో భూదేవి కాంప్లెక్సుకో బయల్దేరేది మూడింటికి. ప్రతిసారీ నాన్న మోకాళ్ళ నొప్పితో మెట్లు దిగి షట్టర్ ఎత్తి, మళ్ళీ దించి పైకి రావాలి. మోటారుతో ఇచ్చిన రిమోట్ ఉంది కానీ పైన పడకగది నుంచి సిగ్నల్ అందదు.

అందుకే షట్టర్‌ను హోమ్ అసిస్టెంట్‌కి, అంటే ఇంట్లోని స్విచ్‌లనూ మోటార్లనూ ఫోన్ నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌కి, కలిపాను. నోడ్ఎంసీయూ అనే చిన్న వైఫై చిప్ బోర్డు, రెండు రిలేల (చిప్ చెప్తే వైర్లను కలిపే స్విచ్‌ల) బోర్డు ఒకటి, చిప్ లోపల ప్రోగ్రాంగా ఈఎస్పీహోమ్. మోటార్ కంట్రోల్ బాక్సులో గోడ మీది పుష్ బటన్ వైర్లు వచ్చే అప్, డౌన్, కామన్ టెర్మినల్స్‌కే రిలే వైర్లు ఇచ్చాను. ఫోన్లో నొక్కితే లేస్తుంది, దిగుతుంది. మూడు వారాలు బాగానే నడిచింది.

పోయిన మంగళవారం రాత్రి కరెంటు పోయి రెండు గంటల ప్రాంతంలో వచ్చింది. పొద్దున ఐదింటికి పాలాయన బెల్లు కొట్టి, "సార్, మీ షట్టర్ బార్లా తెరిచి ఉంది" అన్నాడు. కారు, నాన్న స్కూటర్, గ్యాస్ సిలిండర్ అన్నీ అక్కడే. పైగా లోపలి మెట్ల తలుపుకు గొళ్ళెం కూడా వేయలేదు. ఏమీ పోలేదు, కానీ అమ్మకు ఆ రోజు నుంచి టెన్షన్, రాత్రి రెండుసార్లు లేచి బాల్కనీ లోంచి చూస్తోంది. ఇంకా నన్ను బాధపెట్టింది ఏమిటంటే ఆ రాత్రంతా నా ఫోన్లో "మూసి ఉంది" అనే చూపిస్తోంది.

ఇది మోటార్ బాక్సు తప్పా, నా వైరింగ్ తప్పా? ఇదంతా పీకేసి రెడీమేడ్ వైఫై స్విచ్ ఒకటి పెడితే సరిపోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా అవసరం.

చిత్తూరు చిప్

అన్నా, ముందు ఒక్కటి చెప్పండి. అప్ రిలేను నోడ్ఎంసీయూలో ఏ పిన్నుకి ఇచ్చారు? రిలే బోర్డు లో ట్రిగ్గరా, హై ట్రిగ్గరా? రిలే పక్కన హెచ్, ఎల్ అని చిన్న జంపర్ ఉంటుంది చూడండి, అది లేకపోతే ఎక్కువగా లో ట్రిగ్గరే, అంటే పిన్ను సున్నాకి దిగితే రిలే పడుతుంది.

నా అనుమానం డి4. ఆ పిన్నుకే బోర్డు మీది నీలం ఎల్ఈడీ కూడా కలిపి ఉంటుంది. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ చిప్ మేలుకునేటప్పుడు ఆ లైటు ఒకసారి మెరుస్తుంది గమనించారా? అప్పటికి మీ ప్రోగ్రాం ఇంకా మొదలే కాలేదు. చిప్‌లో పుట్టుకతో ఉన్న కోడ్ ఆ పిన్నును కొద్దిసేపు కిందికీ పైకీ ఆడిస్తుంది, లో ట్రిగ్గర్ రిలేకు అది ఆర్డర్ లాంటిదే. రిలే టక్కుమంటుంది, మోటార్ బాక్సుకు ఎవరో అప్ బటన్ నొక్కినట్టే ఉంటుంది, ఒకసారి నొక్కితే చాలు కదా, లిమిట్ స్విచ్ (చివరికి రాగానే మోటార్‌ను ఆపేది) తగిలేదాకా పోతూనే ఉంటుంది. బాక్సు తన పని సరిగ్గానే చేసింది.

పరీక్ష చాలా సులువు. మోటార్ మెయిన్ ఆపేసి, నోడ్ఎంసీయూ చార్జర్ పీకి మళ్ళీ పెట్టండి, చెవి దగ్గర పెట్టుకుని వినండి.

రెడీమేడ్ సంగతి: ఏది పడితే అది కొనొద్దు అన్నా. సోనాఫ్ బేసిక్ లాంటివి ఔట్‌పుట్‌లో 230 వోల్టులే పంపిస్తాయి, లైటుకో ఫ్యానుకో బాగుంటాయి, వాటిని పుష్ బటన్ టెర్మినల్స్‌కి ఇస్తే కంట్రోల్ బోర్డు ఆ క్షణంలోనే కాలిపోతుంది. మీకు కావాల్సింది డ్రై కాంటాక్ట్, అంటే తన కరెంటు ఏమీ పంపకుండా రెండు వైర్లను కలిపి విడదీసేది మాత్రమే. షెల్లీ 1 అలాంటిది. మీ రిలే బోర్డు కూడా అలాంటిదే కాబట్టి పీకాల్సిన పనేం లేదు.

అలిపిరి దారి

మీరు చెప్పినట్టే, డి4! డౌన్ రిలే డి1 లో ఉంది. బోర్డు మీద జంపర్ లేదు, లో ట్రిగ్గరే అనుకుంటా. మోటార్ ఆపి చార్జర్ పీకి పెట్టాను, నీలం లైటు మెరిసింది, దాంతోపాటే అప్ రిలే టక్కుమంది. ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ. చాలా థ్యాంక్స్ అన్నా.

కానీ ఒకటి అర్థం కావట్లేదు. మొన్న ఆదివారం కరెంటు అసలు పోలేదు. హోమ్ అసిస్టెంట్ నడిచే మినీ పీసీ ఆపి దానికి డిస్కు మారుస్తున్నాను, గంట పైనే పట్టింది. పదకొండున్నర ప్రాంతంలో కిందనుంచి చప్పుడు, చూస్తే షట్టర్ లేచి ఉంది. నాన్న గోడ మీది బటన్‌తో దించారు. కాసేపటికి మళ్ళీ లేచింది. మళ్ళీ దించారు. మళ్ళీ. చివరికి మెయిన్ ఆపేశాం. దెయ్యం పట్టిందా అంది అమ్మ. ఇందులో కరెంటు పోయింది ఎక్కడ?

చిత్తూరు చిప్

నాన్నగారిని అడగండి, మధ్యలో సుమారు పావుగంట పావుగంట గ్యాప్ ఉందా అని.

ఈఎస్పీహోమ్‌లో ఒక సెట్టింగ్ ఉంది, ఏపీఐ రీబూట్ టైమౌట్. మనం ఏమీ రాయకపోతే అది 15 నిమిషాలు. హోమ్ అసిస్టెంట్ 15 నిమిషాలపాటు కనెక్ట్ కాకపోతే, నాకేదో అయింది అనుకుని చిప్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. బల్బులకు, సెన్సార్లకు అది మంచిదే. మీరు మినీ పీసీ ఆపిన గంటలో అది కనీసం నాలుగుసార్లు రీస్టార్ట్ అయి ఉంటుంది, అయిన ప్రతిసారీ డి4 ఆడింది, షట్టర్ లేచింది. అప్పటికే లేచి ఉంటే మీకు తెలియదు, నాన్నగారు దించారు కాబట్టి బయటపడింది. వైఫైకి కూడా విడిగా ఇలాంటి టైమౌటే ఉంది. అంటే రౌటర్ చెడిపోయి మీరు ఊళ్ళో లేకపోతే రోజుకు తొంభై ఆరుసార్లు అప్ బటన్ నొక్కినట్టు!

ఇప్పుడు చేయాల్సింది. అప్ రిలేను డి4 నుంచి డి2 కి మార్చండి. ఈ చిప్‌లో డి1, డి2 రెండూ మేలుకునేటప్పుడు ఆడకుండా నిలకడగా ఉంటాయి, రిలేలకు అవే వాడాలి. వీలైతే రిలే బోర్డు కూడా హై ట్రిగ్గర్‌ది తెచ్చుకోండి, ఆ పిన్నుల నుంచి గ్రౌండుకు 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఒక్కొక్కటి వేయండి, బోర్డుకు కరెంటు లేకపోయినా సగం ఉన్నా రిలే మాత్రం పడకూడదు. ప్రోగ్రాంలో రీస్టోర్ మోడ్ ఆల్వేస్ ఆఫ్ పెట్టండి, చిప్ మేలుకోగానే రిలే ఆఫ్‌లోనే ఉండాలని. రిలే ఆన్ అయిన అర సెకనుకు దానంతట అదే ఆఫ్ అయ్యేలా రాయండి. రెండు రీబూట్ టైమౌట్లనూ సున్నా సెకన్లు చేయండి.

నేనైతే ఇంకొకటి కూడా చేస్తాను. అప్ వైరును రెండు రిలేల గుండా వరసగా పంపిస్తాను, రెండూ ఒకేసారి పడితేనే షట్టర్ లేస్తుంది. ఏ రిలే ఒకటి అంటుకుపోయినా, ఏ పిన్ను ఒకటి పిచ్చిగా ఆడినా తలుపు తెరుచుకోదు. వంద రూపాయల ఖర్చు. ఇంటి తలుపు కదా, నాకు మాత్రం అది ఎక్కువ జాగ్రత్త అనిపించదు.

ఇక ఫోన్లో "మూసి ఉంది" అని చూపించడం. సెన్సార్ పెట్టారా? పెట్టలేదు కదూ. అయితే అది చూపించేది షట్టర్ సంగతి కాదన్నా, మీరు చివరిసారి ఏం నొక్కారో అది. గోడ బటన్‌తో తీసినా, పాత రిమోట్‌తో తీసినా, దానంతట అది లేచినా ఫోనుకు ఏం తెలుస్తుంది. నా మాట వినండి, రిమోట్‌గా తెరవడం కన్నా ముందు ఇది కావాలి. సెన్సార్ లేని షట్టర్‌ను ఫోనుకు కలపొద్దు.

షట్టర్ మేస్త్రి

తమ్ముడూ, నేను చిత్తూరు, తిరుపతి రెండు వైపులా షట్టర్ పనే చేస్తాను, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గోడౌన్లకు పెద్ద పెద్ద షట్టర్లు బిగించిన చెయ్యి ఇది. చిప్పుల సంగతి నాకు తెలీదు కానీ ఇక్కడ ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. కిందికి దిగేటప్పుడు అడ్డం ఏమైనా ఉంటే నీ షట్టర్ ఆగుతుందా?

ఆగదు. నువ్వు చెప్పిన కొలతకు 18 గేజి రేకు వేసుంటే వంద కిలోల చుట్టుపక్కల బరువు ఉంటుంది. సైడ్ మోటారుకు తెలిసింది పైన లిమిట్, కింద లిమిట్, అంతే. మధ్యలో పిల్లోడున్నా, కుక్కున్నా, కారు డిక్కీ ఉన్నా దానికి ఒకటే. గోడ మీద బటన్ ఎందుకు పెడతామంటే నొక్కేవాడికి షట్టర్ కళ్ళ ముందు ఉంటుందని. నువ్వు శ్రీసిటీలో కూర్చుని డౌన్ నొక్కితే చూసేదెవరు? మీ ఇంటికొచ్చే చుట్టాల్లో చంటిపిల్లలుంటారు, షట్టర్ కదలడం చూస్తే వాళ్ళు దాని కిందికే పరిగెడతారు, నేను కళ్ళారా చూశాను.

ఫోటోసెల్ జత ఒకటి పెట్టించు, ఒక పక్క నుంచి ఇంకో పక్క రిసీవర్‌కు కిరణం పోతుంది, మధ్యలో ఏదైనా అడ్డొస్తే పట్టేస్తుంది. బాక్సులో దానికి విడిగా టెర్మినల్ ఉందేమో మూత మీది బొమ్మలో చూడు, లేకపోతే డౌన్ వైరుకు వరసలో వచ్చేలా కట్టి, స్టాప్‌కు కూడా ఇవ్వాలి, ఎందుకంటే దిగుతున్న షట్టర్‌ను ఆపేది స్టాప్ ఒక్కటే. ఫోటోసెల్ కాంటాక్ట్ మామూలుగా మూసి ఉండేదే వాడు, వైరు తెగినా షట్టర్ దిగకుండా ఉంటుంది. నేలకు అడుగు లోపే బిగించు. మీ షట్టర్ పడమటి ముఖమైతే సాయంత్రం ఎండ నేరుగా రిసీవర్ కంట్లో పడుతుంది, అప్పుడు దిగనే దిగదు, రిసీవర్‌ను నీడ పక్క గోడకు పెట్టుకో.

చేతి చైన్ తీసేయొద్దు. కొత్తగా చేయించుకున్నవాళ్ళు అందంగా లేదని దాన్ని పైకి చుట్టి కట్టేస్తారు, కరెంటు పోయిన రాత్రి అది అందక అవస్థ పడతారు.

ప్లానో నుంచి

మాది కూడా చిత్తూరే, గ్రీమ్స్‌పేట. ఇప్పుడు టెక్సాస్‌లో. మేస్త్రి అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఇక్కడ అమెరికాలో ఇళ్ళ గరాజ్ తలుపులు మన షట్టర్లలా చుట్టుకోవు, పలకలు పలకలుగా సీలింగు కిందికి జరుగుతాయి, అయినా ప్రమాదం అదే. పిల్లలు నలిగి చనిపోవడంతో 1990లో చట్టం చేశారు, 1993 జనవరి 1 తర్వాత తయారైన ప్రతి ఇంటి గరాజ్ మోటారుకూ అడ్డం వస్తే వెనక్కి మళ్ళే ఏర్పాటు ఉండాల్సిందే. ఫోటో కళ్ళు నేలకు 6 అంగుళాలు దాటకుండా బిగిస్తారు, పాకే పిల్లాడు కూడా కనపడాలని. ఇంకొకటి, ఎదురుగా లేకుండా ఫోన్ నుంచి మూస్తే తలుపు కదలకముందే కొన్ని సెకన్లు లైటు మెరిసి బీప్‌లు కొట్టాలి. ఇది మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు, మూడో రిలేకు 12 వోల్టుల బజర్ ఒకటి ఇచ్చి, డౌన్ కమాండుకు ముందు ఐదారు సెకన్లు మోగేలా రాస్తే చాలు.

మీరు మొత్తం ఇంట్లోనే నడిచేలా పెట్టుకోవడం నాకు బాగా నచ్చింది, ఏం జరిగినా దాన్ని వదలొద్దు. 2023 నవంబరులో ఇక్కడ పెద్ద గరాజ్ మోటార్ల కంపెనీ చాంబర్లేన్ ఫోన్ నుంచి తలుపు నడిపే తన మైక్యూ సర్వీసుకు బయటి ప్రోగ్రాములు కనెక్ట్ కాకుండా ఆపేసింది. హోమ్ అసిస్టెంట్ వాళ్ళు 2023.12 వెర్షన్ నుంచి మైక్యూకి కలిపే ఆ ఇంటిగ్రేషన్ తీసేశారు. ఆ తర్వాత చాలామంది రాట్‌జీడీఓ అనే చిన్న బోర్డును నేరుగా మోటారుకే కలుపుకుని ఇంటి లోపలే నడుపుకుంటున్నారు, దాంట్లో కూడా ఉండేది మీ చిప్ కుటుంబమే. నా మోటార్ పాతది, గోడ బటన్‌కు రెండే వైర్లు, ఒక రిలేతో అయిపోయింది. కాకపోతే ఒకే బటన్‌తో తెరవడం, ఆపడం, మూయడం మూడూ కాబట్టి సెన్సార్ లేకపోతే ఏం జరుగుతుందో దేవుడికే తెలియాలి. మీకు అప్, డౌన్ వేర్వేరుగా ఉండటం చాలా మేలు.

గూగుల్‌కో అలెక్సాకో కలిపితే తెరిచేటప్పుడు పిన్ అడిగేలా పెట్టుకోండి. హోమ్ అసిస్టెంట్‌లో మీ షట్టర్ ఏ రకమో చెప్పే సెట్టింగ్‌ను (కవర్ డివైస్ క్లాస్) గరాజ్ అని పెడితే గూగుల్ దాన్ని తాళంలాగే చూస్తుంది. కిటికీ బయట నిలబడి గట్టిగా అరిచినవాడికి తలుపు తెరుచుకోకూడదు కదా.

అత్తగారిల్లు మంగళం

అన్నీ బాగానే చెప్పారు కానీ ఆ నాన్నగారికి ఫోన్ ఎందుకు? రాత్రి రెండింటికి కళ్ళద్దాలు వెతుక్కుని, ఫోన్ తెరిచి, యాప్ వచ్చేదాకా చూసే బదులు ఆయన మంచం పక్కన కాలింగ్ బెల్ స్విచ్ లాంటివి మూడు పెట్టండి, పైకి, ఆగు, కిందికి. గోడ బటన్ నుంచే వైరు లాగొచ్చు. వైఫై పోయినా పని చేస్తుంది. పక్కనే చిన్న స్క్రీన్లో కింది కెమెరా కనపడేలా పెడితే చూసి నొక్కుతారు. మా మామగారికి అలాగే చేయించాను, ఫోన్ అయితే ఆయన ముట్టుకునేవారే కాదు.

అలిపిరి దారి

నిజంగా నాకు ఇది తోచలేదండీ. ఇంత ఫోన్ చుట్టూనే ఆలోచించాను, నాన్న చేతికి ఏది సులువో అడగనే లేదు. చేయిస్తాను.

సెన్సార్ ఎలాంటిది కొనాలి? జిగ్‌బీ (వైఫై లాంటి వైర్‌లెస్) డోర్ సెన్సార్ ఒకటి ఇంట్లో ఉంది.

చిత్తూరు చిప్

తలుపుకు పెట్టే చిన్న ప్లాస్టిక్ సెన్సార్ షట్టర్‌కు నిలవదు. రేకు అదురుకి గ్యాప్ రెండు సెంటీమీటర్లు దాటితే తెరిచి ఉందంటుంది, పైగా చుట్టూ ఇనుము అయస్కాంతాన్ని మింగేస్తుంది. రోలింగ్ షట్టర్‌కే వచ్చే మాగ్నెటిక్ సెన్సార్ ఉంటుంది, అల్యూమినియం బాడీ, స్టీలు తొడుగు వైరుతో, సీసీటీవీ సామాన్లు అమ్మే షాపుల్లో అడగండి. దాన్ని నేల మీద బిగించమంటారు కానీ వద్దు. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఎన్ని ఇళ్ళ కింది భాగం మునిగిందో చూశాం. షట్టర్ మూసినప్పుడు కింది పట్టీ ఆగే ఎత్తులో కాకుండా అడుగున్నర పైన, పక్క గైడు చానల్ దగ్గర బ్రాకెట్ వేసి పెట్టండి, అయస్కాంతాన్ని మూసి ఉన్నప్పుడు సరిగ్గా ఎదురుగా వచ్చే రేకు మీద.

పైన కూడా ఒకటి పెట్టండి. కింద తగిలితే మూసి ఉంది, పైన తగిలితే తెరిచి ఉంది, రెండూ తగలకపోతే మధ్యలో ఇరుక్కుంది. ఈ మూడోది తెలియడానికే రెండు సెన్సార్లు. వైర్లు మోటార్ వైరు వెళ్ళే పైపులో వేయొద్దు, మోటార్ ఆన్ అయినప్పుడల్లా దొంగ సిగ్నల్ వస్తుంది. విడిగా లాగి, ప్రోగ్రాంలో అర సెకను ఫిల్టర్ పెట్టండి, అంతకన్నా తక్కువసేపు వచ్చిపోయే సిగ్నల్‌ను పట్టించుకోదు.

మంగళం అక్కగారి స్విచ్‌ల ఐడియా నేను కూడా మా ఇంట్లో వాడుకుంటాను.

అలిపిరి దారి (12 రోజుల తర్వాత)

అందరికీ చెప్పి తీరాలి కాబట్టి వచ్చాను.

అప్ రిలే మార్చాను, వరసలో రెండో రిలే కూడా వేశాను, కొత్త బోర్డు హై ట్రిగ్గర్. చార్జర్ ఇరవైసార్లు పీకి పెట్టాను, ఒక్కసారి కూడా శబ్దం లేదు. మినీ పీసీని రెండు గంటలు కావాలనే ఆపి నాన్నా నేనూ కింద కుర్చీలేసుకుని కూర్చున్నాం, షట్టర్ కదల్లేదు. రౌటర్, మినీ పీసీ, నోడ్ఎంసీయూ మూడూ ఇన్వర్టర్ లైను మీదికి మార్చాను, మోటార్ మాత్రం మెయిన్ మీదే.

సెన్సార్లు రెండూ పెట్టాను. రాత్రి పదింటికి షట్టర్ మూసి లేకపోతే మా ముగ్గురి ఫోన్లకూ మెసేజ్ వస్తుంది, మధ్యలో ఆగిపోతే అప్పటికప్పుడే వస్తుంది. ఇల్లు దగ్గరపడగానే దానంతట అదే తెరుచుకునేలా లొకేషన్‌తో ఒక ఆటోమేషన్ రాసుకున్నాను ఇంతకుముందు, అది తీసేశాను, కంపెనీ బస్సు మా వీధి చివర నుంచే బైపాస్ ఎక్కుతుంది, నేను ఆఫీసుకు పోతున్నానో ఇంటికొస్తున్నానో ఫోనుకు తెలియదు.

ఫోటోసెల్ మేస్త్రి అన్న చెప్పినట్టే. మాది పడమటి ముఖమే, మొదట నా ఇష్టానికి పెడితే ఐదున్నరకు దిగలేదు, పక్కలు మార్చాక బాగుంది. బజర్ ఆరు సెకన్లు మోగుతుంది. పక్కింటి వాళ్ళ చిన్నపిల్ల ఆ శబ్దం వినగానే ఆగి నిలబడటం నేర్చుకుంది. శ్రీసిటీ నుంచి డౌన్ నొక్కడం మానేశాను, బయటి నుంచి ఫోన్లో చూడటం, తెరవడం మాత్రమే, మూసేది ఇంట్లో ఉన్నవాళ్ళే.

మంచం పక్క స్విచ్‌లు శనివారం పెట్టించాను. ఆ రాత్రే మదనపల్లె నుంచి మా పెద్దత్త వాళ్ళు వచ్చారు, ఒంటిగంట నలభైకి. నాన్న స్క్రీన్లో చూసి, పడుకున్న చోటి నుంచే పైకి స్విచ్ నొక్కారు, వాళ్ళు బండి లోపల పెట్టి పైకొచ్చాక కిందికి నొక్కారు. పొద్దున నాకు ఫోన్ చేసి అదే మాట రెండుసార్లు చెప్పారు.

ఈ వారం వానలకు కరెంటు నాలుగుసార్లు పోయింది. అమ్మ మొదటిసారి లేచి చూసింది, తర్వాత లేవలేదు.